మంచు తోయడానికి టూ వీల్ ట్రక్కా, ఫోర్ వీల్ ట్రక్కా? ముందు వెనక్కి ఎలా వస్తారో చూసుకోండి

టూ వీల్ డ్రైవ్ పికప్‌కి, అంటే ఇంజిన్ బలం వెనక రెండు చక్రాలకే వెళ్లే ట్రక్కుకి, ముందు ప్లౌ (మంచు తోసే పెద్ద బ్లేడు) బిగించి మంచు తోయొచ్చా అని ఎవరైనా అడిగితే, ముందుకి తోయడానికి పనికొస్తుంది, వెనక్కి రావడానికే పనికిరాదు అంటాను. నవ్వుతారు గానీ నేను సరదాకి అనడం లేదు. నా మొదటి ప్లౌ ట్రక్కు టూ వీల్ డ్రైవే. మొదటి మంచు పడిన రోజు ఉదయం, కిందికి వాలుగా ఉన్న డ్రైవ్‌వే (ఇంటికీ రోడ్డుకీ మధ్య బండి దారి) మీద పైనుంచి మొదలుపెట్టి చివరిదాకా ఒకే ఊపులో తోసేశాను. ఎంత తేలిగ్గా వెళ్లిందంటే, ఫోర్ వీల్ కావాలన్న వాళ్లంతా డబ్బు దండగ చేసుకున్నారనిపించింది. కింద ఆగి, బ్లేడు ఎత్తి, రివర్స్ వేశాను. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, ట్రక్కు అంగుళం కదల్లేదు. ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కాను, అదే తప్పు. టైరు కింద మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి అద్దంలా అయిపోయింది. ఆ తర్వాత రెండు గంటలు పార పట్టుకుని ఉన్నాను, ప్లౌ కొన్నదే పార పట్టుకోకుండా ఉండటానికి.

కాబట్టి ఏ ట్రక్కు కొనాలి, ఉన్న ట్రక్కుకే ప్లౌ కట్టాలా అని ఆలోచిస్తుంటే ఈ వరసలో వెళ్లండి.

1. ట్రక్కు సంగతి తర్వాత, ముందు నేల చూడండి

మంచు పడక ముందే, నేల కనిపిస్తున్నప్పుడే తోయబోయే చోటంతా ఒకసారి నడవండి. చేతిలో మీటరు పొడవున్న తిన్నటి చెక్క, ఒక రసమట్టం, ఒక టేపు ఉంచుకోండి. బాగా వాలుగా అనిపించిన చోట చెక్క ఒక కొసని ఎగువ నేల మీద ఆనించి, రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చేదాకా దిగువ కొస ఎత్తండి. ఎత్తిన కొసకీ నేలకీ మధ్య ఎంత ఉందో టేపుతో కొలవండి. 6 సెంటీమీటర్లు వస్తే వాలు 6 శాతం, 12 వస్తే 12 శాతం. రెండు నిమిషాల పని, కానీ ఈ ఒక్క అంకె మీదే సగం నిర్ణయం ఆధారపడుతుంది, ఎలాగో కింద చెప్తాను.

నడుస్తూనే ఇంకో మూడు సంగతులు చూసుకోండి. నేల తారా, కాంక్రీటా, కంకరా. తోసిన మంచు ఎక్కడ కుప్ప పోయాలి, ఆ కుప్ప జనవరి చివరికి రెండింతలైనా అక్కడ పడుతుందా. కింద ట్రక్కు తిప్పుకునే చోటు ఉందా, లేక వచ్చిన దారినే వెనక్కి రావాలా. ఈ చివరిది ఎవరూ అడగరు, నేను అడగనందుకే పైన చెప్పిన రెండు గంటలు.

ఎంత మంచు తోస్తారో కూడా లెక్క వేసుకోండి. 30 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న డ్రైవ్‌వే మీద 10 సెంటీమీటర్లు పడితే 9 ఘనపు మీటర్లు. పొడి మంచు అయితే ఘనపు మీటరు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది, అంటే మొత్తం ఎంత ఎక్కువైనా 900 కిలోలు. అదే తడి మంచు 300 కిలోల దాకా ఉంటుంది, అప్పుడు 2700 కిలోలు. చూడటానికి రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి. కాబట్టి మంచు ఎన్ని అంగుళాలు పడుతుంది అని మాత్రమే చూసి ట్రక్కు ఎంచుకోకండి, మీ దగ్గర ఎక్కువగా పడేది పొడి మంచా తడి మంచా అన్నది అంతకంటే ముఖ్యం.

2. బరువు ఏ చక్రాల మీద ఉందో కాగితం మీద వేసుకోండి

మంచు మీద ట్రక్కుని కదిలించేది ఇంజిన్ బలం కాదు. ఇంజిన్‌లో ఎంత బలం ఉన్నా నేల పట్టుకోగలిగినంతే పనికొస్తుంది, మిగతాది చక్రం తిప్పి పారేస్తుంది. ఆ పట్టు ఎంతో తెలియాలంటే తిరిగే చక్రాల మీద ఎంత బరువు ఉందో చూసి, దాన్ని నేల ఎంత పట్టు ఇస్తుందో చెప్పే అంకెతో గుణించాలి. పొడి తారు రోడ్డుకి ఆ అంకె 0.7 దగ్గర ఉంటుంది, గట్టిపడిన మంచు మీద 0.2 దగ్గర, నున్నటి ఐసు మీద 0.1, ఒక్కోసారి ఇంకా తక్కువ.

ఇప్పుడు 2500 కిలోల పికప్ ఒకటి తీసుకోండి. ఖాళీ పికప్‌కి ఇంజిన్ ముందుంటుంది, వెనక తొట్టి ఖాళీగా ఉంటుంది, అందుకే ముందు చక్రాల మీద 55 నుంచి 60 శాతం బరువు పడుతుంది. ముందు 1450, వెనక 1050 అనుకుందాం. దీనికి 350 కిలోల ప్లౌ కట్టాం, అది ముందు యాక్సిల్‌కి 1.2 మీటర్లు ముందు వేలాడుతోంది, రెండు యాక్సిళ్ల మధ్య దూరం 3.6 మీటర్లు. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు, ముందు యాక్సిల్ ఇరుసుగా వెనక భాగం పైకి లేస్తుంది. 350 ని 1.2 తో గుణించి 3.6 తో భాగిస్తే 117. అంటే ప్లౌ ఎత్తినప్పుడు వెనక చక్రాల మీద 117 కిలోలు తగ్గి 933 మిగులుతాయి, ముందు 1917 అవుతాయి.

గట్టిపడిన మంచు మీద ఈ 933 ని 0.2 తో గుణిస్తే టూ వీల్ ట్రక్కుకి దక్కే పట్టు 187 కిలోలు. ఫోర్ వీల్ ట్రక్కుకి మొత్తం 2850 కిలోలూ పనిలోకి వస్తాయి, 570 కిలోలు. మూడింతలు. ఒకే ట్రక్కు, ఒకే ప్లౌ, ఒకే టైర్లు.

వాలు కొలిచిన అంకె ఇక్కడ అక్కరకొస్తుంది. ఇదే ట్రక్కు బ్లేడు ఎత్తుకుని గట్టిపడిన మంచు మీద టూ వీల్‌లో ఎక్కగలిగే వాలు కాగితం మీద 6 శాతం చిల్లర, ఫోర్ వీల్‌లో 20 శాతం. ఐసు అయితే రెండూ సగానికి పడిపోతాయి. ట్రక్కు ముక్కు దిగువకి పెట్టి ఉన్నప్పుడు రివర్స్‌లో పైకి రావాలంటే ఇంకా కష్టం, ఎందుకంటే వాలు వల్ల కూడా బరువు ముందు చక్రాల వైపే జారుతుంది. నా డ్రైవ్‌వే తర్వాత కొలిస్తే 9 శాతం ఉంది. కొనక ముందు కొలిచి ఉంటే బాగుండేది.

బ్లేడు కిందికి దించి తోస్తున్నప్పుడు ప్లౌ బరువు మంచు మీదికి వెళ్లిపోతుంది, వెనక చక్రాలకి వాటి 1050 కిలోలు తిరిగి వస్తాయి. తోసేటప్పుడు అంతా బాగుండి, ఎత్తి రివర్స్ వేయగానే ట్రక్కు మొండికేయడం ఇందుకే.

3. నిర్ణయం ఇక్కడ తీసుకోండి

చదునైన తారు లేదా కాంక్రీటు, వాలు 3 శాతం లోపు, తోసేది మీ ఇల్లు ఒక్కటే, మంచు చాలాసార్లు 10 నుంచి 15 సెంటీమీటర్లకి మించదు, మీరు తుఫాను మధ్యలో కూడా బయటికి వచ్చి రెండు మూడుసార్లు తోయగలరు అంటే టూ వీల్ ట్రక్కుతో నడిచిపోతుంది. వెనక బరువు, మంచి వింటర్ టైర్లు, అవసరమైతే టైర్లకి చుట్టే ఇనుప చైన్లు ఉండాలి. కొత్తగా ఫోర్ వీల్ కొనడానికి అప్పు చేయనక్కర్లేదు.

వాలు 5 శాతం దాటినా, కంకర దారి అయినా, డబ్బులు తీసుకుని పదిమంది ఇళ్లకి తోస్తున్నా నా మాట విని ఫోర్ వీల్ తీసుకోండి. ముఖ్యంగా డబ్బులు తీసుకునేటప్పుడు. మీ ఇంటి ముందు ఇరుక్కుంటే మీ ఖర్మ, కాస్త ఆలస్యంగా ఆఫీసుకి వెళ్తారు. ఇంకొకరి ఇంటి ముందు తెల్లవారుజామున 5 గంటలకి ఇరుక్కుంటే, ఆ తర్వాత ఎదురుచూసే ఎనిమిది ఇళ్లూ మీ నెత్తిన పడతాయి.

హైవేల మీద మంచు తీసే పెద్ద ట్రక్కులు చాలా చోట్ల వెనక చక్రాలతోనే నడుస్తాయి కదా, వాటికి లేని బాధ నా పికప్‌కేంటి అని ఒక వాదన ఉంది. నిజమే, కానీ ఆ ట్రక్కు వెనక టన్నుల కొద్దీ ఉప్పూ ఇసుకా ఉంటాయి, కింద జంట టైర్లుంటాయి, వాటన్నిటి బరువూ తిరిగే చక్రాల మీదే కూర్చుంటుంది. ఉప్పు చల్లే కొద్దీ వాటికీ పట్టు తగ్గుతుంది. మీ ఖాళీ తొట్టికి ఆ పోలిక పెట్టకండి.

ఇంకో కిటుకు. టూ వీల్ అంటారు గానీ మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు పక్కల చక్రాలకీ పంచే గేర్లు) ఉంటే మంచులో నిజంగా పనిచేసేది ఒక చక్రమే అనుకోండి. డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానమైన బలమే ఇస్తుంది, కాబట్టి ఒకటి ఐసు మీద జారుతుంటే రెండో దానికి కూడా ఆ జారేదానికి అందినంతే అందుతుంది. ఫోర్ వీల్‌లో కూడా ఇదే కథ, ముందొకటి వెనకొకటి గిర్రున తిరుగుతుంటే మిగతా రెండూ చోద్యం చూస్తుంటాయి. అందుకే పాత ట్రక్కు కొంటుంటే వెనక లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారితే రెండో దానికి కొంత బలం పంపేది) గానీ లాకర్ (రెండు చక్రాల్నీ కలిపి బిగించేది) గానీ ఉందా అని తప్పకుండా అడగండి. పక్కకి వాలుగా ఉన్న చోట మాత్రం లాకర్ వేసినప్పుడు రెండు వెనక చక్రాలూ ఒకేసారి జారి తోక పక్కకి కొట్టుకుపోతుంది, అక్కడ తీసేయండి.

4. డ్రైవర్ తలుపు తీసి స్టిక్కర్ చదవండి

చాలామంది ప్లౌ కొనేశాక చూస్తారు దీన్ని. తలుపు చట్రం మీద ఉండే స్టిక్కర్‌లో బండి సరుకుతో కలిపి మొత్తం ఎంత బరువు దాకా ఉండొచ్చు, ముందు యాక్సిల్ ఎంత, వెనక యాక్సిల్ ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. ప్లౌ విషయంలో మీకు అడ్డం వచ్చేది చాలాసార్లు ముందు యాక్సిల్ అంకే. పైన లెక్కలో 350 కిలోల ప్లౌ కడితే ముందు యాక్సిల్ మీద పెరిగింది 350 కాదు, 467. ఈ తేడా మరిచిపోయి స్ప్రింగులు కూర్చుండిపోయాక బాధపడేవాళ్లున్నారు.

ఫోర్ వీల్ ట్రక్కుకి ముందు డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక యాక్సిళ్లకి బలం పంచే పెట్టె) ఉండటం వల్ల ముందు భాగం ముందే బరువుగా ఉంటుంది, డీజిల్ ఇంజిన్ అయితే ఇంకా బరువు. కాబట్టి ఫోర్ వీల్ డీజిల్ ట్రక్కు ఎంత పెద్ద ప్లౌనైనా మోస్తుందనుకోవడం పొరపాటు. కొన్ని ట్రక్కులకి ఫ్యాక్టరీలోనే ప్లౌ ప్యాకేజీ అని వస్తుంది, అందులో గట్టి ముందు స్ప్రింగులు, కొన్నిటికి పెద్ద ఆల్టర్నేటర్ కూడా ఉంటాయి. పాతది కొంటుంటే అది ఉన్న బండే వెతకండి. ప్లౌ ఎత్తే హైడ్రాలిక్ పంపు కరెంటు బాగా లాగుతుంది, ఎత్తిన ప్రతిసారీ హెడ్‌లైట్లు మసకబారుతుంటే బ్యాటరీయో ఆల్టర్నేటరో చూపించాల్సిన టైమొచ్చిందని.

బ్లేడు వెడల్పు ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఏడున్నర అడుగుల బ్లేడుని 30 డిగ్రీలు పక్కకి తిప్పితే అది శుభ్రం చేసే వెడల్పు ఆరున్నర అడుగులే. ట్రక్కు టైర్ల బయటి అంచుల కంటే అది ఎక్కువ ఉండాలి, లేకపోతే ఇంకా తీయని మంచు మీద మీరే టైరు ఎక్కిస్తారు. టూ వీల్ ట్రక్కు అయితే తేలికైన బ్లేడు వైపే మొగ్గండి.

5. టైర్ల దగ్గర పీనాసితనం వద్దు

ఫోర్ వీల్ ఉంది కదా అని అరిగిన ఆల్ సీజన్ టైర్లతో తిరిగేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. నాలుగు చక్రాలకి పవర్ వెళ్లడం కదలడానికే, ఆగడానికి కాదు. బ్రేకులు ప్రతి బండికీ నాలుగు చక్రాలకే ఉంటాయి. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద బ్రేకు వేస్తే సుమారు 9 మీటర్లలో ఆగే బండి, గట్టిపడిన మంచు మీద 30 మీటర్లు దాటి ఆగుతుంది, టూ వీలైనా ఫోర్ వీలైనా. పైగా ఫోర్ వీల్ తేలిగ్గా వేగం అందుకుంటుంది కాబట్టి రోడ్డు ఎంత జారుతోందో మీకు తెలియనివ్వదు. టూ వీల్ మొదటి అడుగులోనే చెప్పేస్తుంది, ఆ మేరకు దాన్ని మెచ్చుకోవాలి.

టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉందా చూడండి. అది మంచులో పరీక్ష చేసి వేసే గుర్తు. ఎమ్ ప్లస్ ఎస్ అని మాత్రమే ఉంటే అది గాడుల ఆకారం గురించి చెప్పే మాటే. వింటర్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కింద కూడా మెత్తగా ఉంటుంది, మామూలు టైరు గట్టిపడిపోతుంది. నాలుగూ ఒకేలాంటివి వేయండి, ఫోర్ వీల్ ట్రక్కుకి సైజు కూడా నాలుగూ ఒకటే ఉండాలి. ముందు టైర్లు ప్లౌ బరువు మోయగలవో లేదో వాటి లోడ్ అంకె చూసి తీసుకోండి. గాలి కూడా చలికి తగ్గుతుంది, సుమారు ప్రతి 5, 6 డిగ్రీలకి ఒక పీఎస్ఐ, కాబట్టి గ్యారేజీ వెచ్చదనంలో కొలిచి సరిపోయింది అనుకోకండి.

టూ వీల్ ట్రక్కుకి చైన్లు వేస్తే వెనక చక్రాలకే వేయాలి. ఒకసారి వేసి చూస్తే ట్రక్కు మారిపోయిందా అనిపిస్తుంది. ఐసు మీద దాని పని అలాంటిది. కానీ మంచు పోయిన తారు మీద చైన్లతో తిరిగితే రోడ్డూ పాడవుతుంది, చైనూ తెగుతుంది.

6. వెనక బరువు వేయండి, కట్టండి

ఇది టూ వీల్‌కి తప్పనిసరి, ఫోర్ వీల్‌కి కూడా మంచిది. ప్లౌ తయారుచేసినవాళ్లు ఏ ట్రక్కుకి ఎంత బరువు వేయాలో పట్టికలో ఇస్తారు, ముందు అది చూడండి. మన ఉదాహరణలో 300 కిలోల ఇసుక బస్తాల్ని వెనక యాక్సిల్‌కి 30 సెంటీమీటర్లు వెనకగా పేర్చితే వెనక చక్రాల మీద 325 కిలోలు పెరుగుతాయి, ముందు చక్రాల మీద 25 తగ్గుతాయి. అదే బస్తాల్ని క్యాబిన్‌కి ఆనించి పెడితే అందులో కొంత బరువు ముందు యాక్సిల్ మీదికే వెళ్తుంది, ప్లౌకి తోడు అదొక భారం. కాబట్టి తొట్టిలో వెనక తలుపుకి దగ్గరగా, చక్రాల గూళ్ల వెనక పేర్చాలి. ఇంత చేశాక కూడా టూ వీల్ ఎక్కగలిగే వాలు 6 నుంచి 8 కి పెరుగుతుంది, అంతే. 20 కాదు.

పేర్చి వదిలేయకండి. మంచు కింద దాగున్న కాలిబాట అంచుకి బ్లేడు తగిలి ట్రక్కు ఒక్కసారిగా ఆగిందనుకోండి, గడ్డకట్టి రాయిలా మారిన ఇసుక బస్తా ఆగదు, సరాసరి మీ వీపు వెనకున్న అద్దం మీదికి వస్తుంది. తొట్టి వెడల్పుకి సరిపోయే చెక్క దుంగలతో బస్తాల ముందు ఒక అడ్డు బిగించి, పైన పట్టీలతో కట్టేయండి. నీళ్ల పీపాలు పెట్టే ఆలోచన వద్దు, నీళ్లు ఊగుతాయి. తొట్టిలో పడిన మంచునే బరువుగా వదిలేస్తాం అనేవాళ్లూ ఉన్నారు, అది ఎంత ఉందో ఎవరికీ తెలియదు, కరిగి కారిపోతుంది కూడా. ఇసుకలో ఇంకో లాభం ఉంది, ఇరుక్కున్నప్పుడు ఒక బస్తా కోసి టైరు కింద చల్లుకోవచ్చు. అందుకోసం ఒక బస్తా క్యాబిన్‌లో పెట్టుకోండి, బయట ఉన్నది గడ్డకట్టి చేతికి రాదు.

7. ఫోర్ వీల్ ఉంటే ఆ మీట ఎప్పుడు వేయాలో తెలుసుకోండి

చాలా పికప్‌లలో ఉండేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్, అంటే కావాలన్నప్పుడు మాత్రమే వేసుకునేది. టూ హై (రెండు చక్రాలు, మామూలు వేగం), ఫోర్ హై (నాలుగు చక్రాలు, మామూలు వేగం), ఫోర్ లో (నాలుగు చక్రాలు, తక్కువ వేగం) అని మూడు ఉంటాయి. ఫోర్ హైలో ముందు వెనక షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుంటాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం వెళ్లాలి, మంచు మీద అయితే టైరు కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు, స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుంది, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. కాబట్టి ఒక చోటు నుంచి ఇంకో చోటికి శుభ్రమైన రోడ్డు మీద వెళ్లేటప్పుడు టూ హైకి మార్చండి, మంచులోకి దిగగానే ఫోర్ హై.

తోయడం అంతా దాదాపు ఫోర్ హైలోనే జరుగుతుంది. ఫోర్ లో వేస్తే బలం రెండున్నర రెట్లకి పైగా పెరుగుతుంది గానీ వేగం అంతే తగ్గుతుంది, ముందుకీ వెనక్కీ వందసార్లు తిరిగే పనికి విసుగొచ్చేస్తుంది. తడి మంచు మోకాలి లోతు ఉన్నప్పుడు, నిటారు వాలు మీద బ్రేకు తొక్కకుండా ఇంజిన్‌తోనే ఆపుకుంటూ దిగాలన్నప్పుడు, ఇరుక్కున్నప్పుడు మాత్రం ఫోర్ లో దేవుడు. వేసేటప్పుడు బండి ఆపుకోవాలా, న్యూట్రల్‌లో పెట్టాలా అన్నది మీ బండి మాన్యువల్‌లో చూసుకోండి.

8. తోయడం

మంచు పడక ముందే దారి అంచుల్లో పొడుగాటి పుల్లలు పాతండి, నేల గడ్డకట్టాక దిగవు. మ్యాన్‌హోల్ మూతలు, మెట్లు, ఎత్తైన రాళ్లు ఉన్న చోట తప్పకుండా. కంకర దారి అయితే బ్లేడు కింద ఉండే షూలు (నేల మీద ఆనే ఇనుప పాదాలు) దించి అంచుని కొంచెం పైన ఉంచండి, మొదటి మంచు కొంత నేల మీదే అణిగి గట్టిపడనివ్వండి, లేకపోతే వసంతంలో కంకరంతా గడ్డిలో ఏరుకోవాలి.

మంచు అంతా ఆగాక ఒకేసారి తోద్దాం అనుకోవద్దు. 5 నుంచి 8 సెంటీమీటర్లు పడిన ప్రతిసారీ ఒక విడత తోసేయండి. టూ వీల్ వాళ్లకి ఇది సలహా కాదు, షరతు. 25 సెంటీమీటర్ల తడి మంచులోకి టూ వీల్‌తో దిగితే మధ్యలో ఆగిపోతారు, ఆగిన చోటు నుంచి మళ్లీ కదలడమే టూ వీల్‌కి రానిది.

సీట్ బెల్టు పెట్టుకుని, బ్లేడుని ఫ్లోట్‌లో (నేల ఎత్తుపల్లాల్ని బట్టి అదే పైకీ కిందికీ కదిలేలా) వదిలి, గంటకి 15 నుంచి 20 కిలోమీటర్ల లోపే తోయండి. మంచు ఎక్కువగా ఉంటే బ్లేడు మొత్తం వెడల్పుతో కొరకకండి, సగం బ్లేడుతో పక్కపక్కనే పోండి. గ్యారేజీ తలుపు దగ్గరున్న మంచుని ముందుగా బ్లేడు దించి వెనక్కి లాగి, తర్వాత తిరిగి తోయాలి. కుప్ప దగ్గరికి వచ్చేటప్పుడు బ్లేడు మెల్లగా ఎత్తుతూ మంచు మీద మంచు ఎక్కించండి. మొదటి తుఫానుకే కుప్పని వీలైనంత దూరం నెట్టేయండి, గడ్డకట్టాక దాన్ని ఏ ట్రక్కూ కదపలేదు, తర్వాత వచ్చేదానికి చోటుండదు. పబ్లిక్ రోడ్డు మీదికీ, ఫైర్ హైడ్రంట్ల మీదికీ తోయకండి.

వాలు మీద టూ వీల్ ఉన్నవాళ్లు కిందికే తోయాలి, పైకి తోయడం మరిచిపోండి. కానీ కింద ఆగక ముందే తిరుగు దారి ఆలోచించుకోండి. తిప్పుకునే చోటుంటే తిప్పి ముక్కు పైకి పెట్టి ఎక్కండి, అప్పుడు వాలు బరువుని వెనక చక్రాల మీదికి తోస్తుంది, అది మీకు అనుకూలం. తిప్పుకునే చోటు లేకపోతే దిగే ముందే చక్రాలు నడిచే రెండు దారుల మీద ఇసుక చల్లుకోండి. కుప్పలోకి మరీ లోతుగా దూరకండి, వెనక చక్రాలు ఎప్పుడూ గీకిన నేల మీదే ఉండేలా చూసుకోండి.

ఆటోమేటిక్ గేరు బండి అయితే పూర్తిగా ఆగాకే డ్రైవ్ నుంచి రివర్స్‌కి మార్చండి. మంచు తోసే బండ్లలో తరచూ దెబ్బతినేది గేర్‌బాక్సే, ఫోర్ వీలైనా సరే. కాలిన వాసన వస్తే ఆగి చల్లారనివ్వండి. రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఎత్తిన బ్లేడు రేడియేటర్‌కి గాలి తగలనివ్వదు, ఇంజిన్ వేడి ముల్లు లేస్తుంటే బ్లేడు కొంచెం దించి, పక్కకి తిప్పి, నెమ్మదిగా వెళ్లండి. వెనక్కి వచ్చే ప్రతిసారీ తల తిప్పి చూడండి. అద్దం మీద మంచు ఉంటుంది, కెమెరా మీద ఇంకా ఎక్కువ ఉంటుంది, పిల్లలేమో మంచు పడితే ఇంట్లో ఉండరు.

9. ఇరుక్కుంటే

యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి, చక్రం ఒకసారి తిరిగిపోయిందంటే ఇంకో పదిసార్లు తిరిగినా జరిగేది గుంట లోతవడమే. దిగి ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ ఉన్న మంచు తీయండి, ఇంజిన్ నడుస్తుండగా అది మూసుకుపోతే పొగ లోపలికి వస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. తర్వాత బ్లేడు చుట్టూ, తిరిగే చక్రాల ముందూ వెనకా పారతో తవ్వండి. క్యాబిన్‌లో పెట్టుకున్న ఇసుక టైరు కిందికి వెళ్లేలా చల్లండి, పైపైన కాదు. స్టీరింగ్ తిన్నగా పెట్టి, చాలా నెమ్మదిగా, చక్రం జారకుండా కదిలించండి. లాగించుకోవాల్సి వస్తే తాడుని బండి హుక్‌కి కట్టండి, ప్లౌ చట్రానికి కాదు. తాడు బిగుసుకున్నప్పుడు దాని దగ్గర ఎవరినీ నిలబడనివ్వకండి.

10. పని అయ్యాక

ట్రక్కు ఆపినప్పుడు బ్లేడు నేల మీదికి దించేయండి, ముందు స్ప్రింగుల మీద రాత్రంతా ఆ బరువు ఎందుకు. ఫోర్ వీల్ ఉంటే టూ హైకి మార్చి పెట్టండి. నెలల తరబడి వాడకపోతే ఆ మీట పనిచేసేది కూడా పనిచేయడం మానేస్తుంది, కాబట్టి మంచు లేని నెలల్లో కూడా అప్పుడప్పుడు మట్టి నేల మీద వేసి తీయండి. ఉప్పు తగిలిన చోటల్లా, ముఖ్యంగా ప్లౌ పిన్నులు, కరెంటు కనెక్టర్లు కడిగి గ్రీజు రాయండి. ట్రక్కుని ముక్కు బయటికి పెట్టి నిలపండి, రేపు పొద్దున మంచు పడి ఉంటే మీ మొదటి కదలిక రివర్స్ కాకూడదు.